నట్టల మందు తాపినా దవడ కింద నీరు తగ్గట్లేదు: మేతకెళ్లే గొర్రెలకు ఏ మందు, ఎంత, వేటికి?

నల్లగొంగడి
నమస్కారం అందరికీ. మాది బయట మేతకు తిప్పే గొర్రెల మంద. పోయిన నెల మందంతటికీ ఆల్బెండజోల్ తాపించాం. కొద్దిరోజులు బాగానే అనిపించింది. ఇప్పుడు మళ్లీ కొన్ని జీవాలు మందకు వెనకబడి నడుస్తున్నాయి. కొన్నింటికి దవడ కింద నీరు దిగింది. పారుడు మాత్రం లేదు, పెంటికలు గట్టిగానే వేస్తున్నాయి. పారుడు లేదు కాబట్టి నట్టలు కావని ఒకరంటారు, కార్జపు జలగ అని ఇంకొకరంటారు. అదే మందు డోసు పెంచి మళ్లీ తాపాలా, మందు మార్చాలా? మందలో చూడి గొర్రెలున్నాయి, పాలు తాగే పిల్లలూ ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

మేకపోతు
ఆల్బెండజోల్ అన్నిచోట్లా అరిగిపోయిన మందు అన్నా. ఫెన్‌బెండజోల్‌కి మారండి. రెండు మూడు రోజుల్లో తేడా కనిపిస్తుంది.

పశుసేవ
మేకపోతు గారూ, ఆ రెండూ ఒకే కుటుంబం మందులండి. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ అన్నీ బెంజిమిడజోల్స్. సీసా మీద పేరు మారుతుంది కానీ పురుగు మీద పనిచేసే తీరు మారదు. ఒకదాన్ని తట్టుకున్న నట్ట రెండోదాన్నీ తట్టుకుంటుంది. అలా చేస్తే మందు మార్చినట్టు కాదు. మార్చడమంటే కుటుంబం మార్చడం: లెవామిసోల్ ఒకటి, ఐవర్‌మెక్టిన్ లాంటివి ఇంకొకటి, క్లోసాంటెల్ మరొకటి, మోనెపాంటెల్ వేరొకటి.

నల్లగొంగడి గారూ, పారుడు లేకుండా రక్తం తగ్గి దవడ కింద నీరు దిగిందంటే నా మొదటి అనుమానం హీమాంకస్ మీద. అందరం పేగు పురుగులనే అంటాం కానీ ఇది ఉండేది నాలుగో పొట్టలో. లోపలి గోడను గాటు పెట్టి రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. చూడ్డానికి చిన్న లెక్కే, కానీ కడుపులో 5,000 పురుగులుంటే రోజుకు పావు లీటరు. రక్తంలో మాంసకృత్తులు పడిపోయేసరికి నీరు కండలోకి దిగుతుంది. రోజంతా తల వంచి మేసే జీవం కాబట్టి ఆ నీరు దవడ కింద చేరుతుంది. సాయంత్రం దొడ్డికి వచ్చేటప్పుడు వాపు ఎక్కువగా, పొద్దున కొంచెం తగ్గి కనబడటానికి కారణం ఇదే. పారుడు పెట్టించే నట్టలు వేరే ఉన్నాయి. చిన్నపేగులో ట్రైకోస్ట్రాంజైలస్, పెద్దపేగులో గోడకు గడ్డలు కట్టించే ఈసోఫాగోస్టోమమ్. అవి ఉంటే తోక, వెనక ఉన్ని ఖరాబై ఉంటుంది.

కార్జపు జలగను కూడా తీసేయలేం, అదీ ఇలాగే నీరు దింపుతుంది. మడుగులు, చిత్తడి నేలల్లో మేసిన మంద అయితే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది. ఈమధ్య ఏదైనా జీవం చనిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా కోసి చూడటం అన్నిటికన్నా మంచిది. నాలుగో పొట్టలో రెండు మూడు సెంటీమీటర్ల పురుగులు, ఎర్ర తెల్ల మెలికలతో, కంటికే కనబడతాయి. కార్జం కోసి పిత్తనాళాలు నొక్కితే ఆకులా చదునుగా ఉన్న జలగలు బయటికొస్తాయి.

డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. ముందు కళ్లు చూడండి.

నల్లగొంగడి
కళ్లంటే కింది రెప్ప తిప్పి చూడటమేనా డాక్టర్ గారూ? చనిపోయినవేమీ లేవు ఇంతవరకు. మడుగుల వైపు మేపట్లేదు, మిట్ట మేపే.

పశుసేవ
అదే. కానీ ఎలా చూస్తారన్నది ముఖ్యం. ఎండ వెలుతురులో చూడాలి, దొడ్డి నీడలో కాదు. బొటనవేలితో పై రెప్పను కనుగుడ్డు మీదికి మూసి మెల్లగా నొక్కండి. ఇంకో చేత్తో కింది రెప్ప లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. రెప్ప అంచు రంగు కాదు, లోపలి పొర రంగు చూడాలి. వెంటనే చూసి వదిలేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే రంగు మారుతుంది.

దీనికి ఫామాచా అనే రంగుల అట్ట ఉంది. దక్షిణాఫ్రికాలో తయారైంది. ఫాఫా మలాన్ అనే పశువైద్యుడి పేరు, చార్ట్ అనే మాట కలిసి ఆ పేరు వచ్చింది. ఐదు మెట్లుంటాయి. 1 అంటే మంచి ఎరుపు, 5 అంటే కాగితం తెలుపు. 1వ మెట్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 28 శాతం పైన, 5లో 12 శాతం లోపు. 4, 5 మెట్లలో ఉన్నవాటికి మందు తప్పనిసరి. 3లో ఉన్నవి పిల్లలైనా, నిండు చూడివైనా, పాలిచ్చేవైనా, బక్కగా ఉన్నా వాటికీ ఇవ్వండి. 1, 2 మెట్లలో ఉన్నవాటికి ఇవ్వొద్దు.

వేడి, తేమ రెండూ ఉన్న కాలంలో రెండు వారాలకోసారి ఇలా చూడాలి. అయితే ఇది హీమాంకస్ ఒక్కదానికే. పారుడు పెట్టించే నట్టలకు కన్ను ఎర్రగానే ఉండొచ్చు. అందుకని కన్నుతోపాటు దవడ కింద నీరు, నడుం మీద కండ, తోక కింద మురికి, ముక్కు కారడం కూడా చూసుకుంటారు.

మందపెద్ద
డాక్టరమ్మ చెప్పేదాంట్ల ఒకటి నాకు సమజ్ గాలే. మంచిగున్నయ్ అని కొన్నిటికి మందు తాపకపోతే, గవి మళ్లా పెంటికలల్ల గుడ్లు పెట్టి బీడంత ఖరాబ్ జేస్తయ్ గద. మేము ఎప్పటిసంది వానలు పడంగనే ఒకసారి, వానలు వెళ్లినంక ఒకసారి మందంతటికి ఒక్కరోజే తాపుతం. తాపి కొత్త బీడుకు తోల్తం. సగం మందకు తాపి సగం ఇడిసిపెట్టుడు ఏం పద్ధతి?

పచ్చికదారి
మందపెద్ద గారూ, మీరడిగిందే ఈ విషయంలో అసలు ప్రశ్న. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి. నేను దీని గురించి చాలా పట్టుదలగా మాట్లాడతానని ఇక్కడ పాతవాళ్లకు తెలుసు.

మందంతటికీ తాపితే మందుకు లొంగే నట్టలన్నీ చస్తాయి. ఎక్కడో కొన్ని తట్టుకుని బతుకుతాయి. మిగిలింది అవే. ఇప్పుడు ఆ మందను ఏ పురుగూ లేని కొత్త బీడుకు తోలారు. ఆ బీడులో ఇక పడే ప్రతి గుడ్డూ మందును తట్టుకున్న నట్ట గుడ్డే. హీమాంకస్ ఆడపురుగు ఒక్కటి రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. గొర్రె కడుపులోకి పోయిన పిల్ల పురుగు మూడు వారాల్లో పెరిగి తనే గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. ఇలా రెండు మూడు తరాలు గడిచాయంటే ఆ బీడు నిండా మందు పనిచేయని జాతే.

అదే మంచిగున్న జీవాలను వదిలేస్తే? వాటి కడుపులో మందు రుచి చూడని నట్టలు కొన్ని ఉంటాయి. అవి పెట్టే గుడ్లు బీడులో పడి, తట్టుకున్న వాటి గుడ్లను పలుచన చేస్తాయి. వాటితో జతకట్టి పుట్టే పిల్లల్లో కూడా మందుకు లొంగే గుణం నిలబడుతుంది. మందు పదికాలాలు పనిచేస్తుంది.

ఇక బీడు ఖరాబు చేస్తాయన్న భయం. మందలో నట్టలు అన్నిటికీ సమానంగా ఉండవు. ఏ మంద తీసుకున్నా ఇరవై ముప్పై శాతం జీవాల్లోనే మొత్తం నట్టల్లో ఎక్కువ భాగం ఉంటాయి. బీడులో పడే గుడ్లలో అత్యధికం ఆ కొద్దివాటివే. కళ్లు చూసి ఆ కొద్దివాటిని పట్టుకుంటే బీడుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఆగిపోతుంది. మిగతావి తమ శక్తితోనే నట్టలను అదుపులో పెట్టుకుంటున్నాయి, వాటిని వాటి మానాన వదిలేయాలి.

తాపిన రోజే కొత్త బీడుకు తోలడం మంచి అలవాటని మనమంతా నేర్చుకున్నాం. ఒకప్పుడు పుస్తకాలూ అదే చెప్పాయి. మందు చెడిపోవడానికి దానంత దగ్గరి దారి ఇంకోటి లేదు.

మందపెద్ద
సమజైంది. గని మా దగ్గర ఇదే మందు శానేండ్లు పనిచేసింది గద. ఇప్పుడే ఎందుకు పోయింది?

పశుసేవ
పోవడం నెమ్మదిగా మొదలవుతుంది పెద్దాయనా. నూటికి పది నట్టలు తట్టుకుంటున్నప్పుడు జీవం కోలుకుంటుంది, ఎవరికీ తెలియదు. సగం తట్టుకునే నాటికి మీ కంటికి కనబడుతుంది. అప్పటికి మందు సగం పోయింది.

ఇది ఒక్క మందకో ఒక్క మందుకో జరిగింది కాదు. బెంజిమిడజోల్స్‌లో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964 కల్లా దాన్ని తట్టుకున్న హీమాంకస్ గురించి శాస్త్రవేత్తలు రాశారు. ఐవర్‌మెక్టిన్ 1981లో అమ్మకానికొచ్చింది. కనిపెట్టిన విలియం క్యాంబెల్, సతోషీ ఒమురాలకు 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. అంత గొప్ప మందును గొర్రెల నట్టలు తట్టుకున్నాయని 1980ల చివరికే దక్షిణాఫ్రికాలో తేలింది. మోనెపాంటెల్ 2009లో న్యూజిలాండ్‌లో విడుదలైంది, 2013లో అక్కడే అది పనిచేయని మంద బయటపడింది. కొత్త మందు వచ్చేదాకా ఆగుదాం అనుకునే వీలు లేదు. ఉన్నవాటినే కాపాడుకోవాలి.

కొలతబద్ద
మందు చెడిందని తేల్చేముందు డోసు సరిగ్గా పడిందా అన్నది చూడాలి. నేను చూసినంతలో సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

కంటితో బరువు అంచనా వేస్తే దాదాపు అందరం తక్కువే చెబుతాం. తక్కువ డోసు పడితే కాస్త తట్టుకోగల నట్టలు చావకుండా మిగిలి, వాటి జాతే పెరుగుతుంది. తూకం మీద నిలబెట్టండి. అన్నిటినీ తూచలేకపోతే పిల్లలు, గొర్రెలు, పొట్టేళ్లు అని మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో అన్నిటికన్నా బరువైనదాన్ని తూచి గుంపంతటికీ ఆ లెక్కనే ఇవ్వండి. సగటు బరువు లెక్క పనికిరాదు, గుంపులో సగానికి తక్కువ పడుతుంది.

ఆల్బెండజోల్ లేబుళ్లు కేజీకి 5 నుంచి 7.5 మి.గ్రా. వరకు చెబుతాయి. 2.5 శాతం ద్రావణంలో మి.లీ.కు 25 మి.గ్రా. ఉంటుంది. కేజీకి 5 మి.గ్రా. చొప్పున 40 కేజీల గొర్రెకు 8 మి.లీ. కానీ 10 శాతం సీసా కూడా ఉంటుంది, అందులో అదే గొర్రెకు 2 మి.లీ. చాలు. సీసా మారినప్పుడల్లా శాతం చదవాలి. లెవామిసోల్ కేజీకి 7.5, ఐవర్‌మెక్టిన్ కేజీకి 0.2, క్లోసాంటెల్ కేజీకి 10 మి.గ్రా.

సీసా బాగా కలపండి, ఆల్బెండజోల్ అడుగున పేరుకుంటుంది. తాపే గన్‌ను నీళ్లతో పదిసార్లు సిరంజిలోకి కొట్టి కొలవండి. 8 అని పెట్టిన గన్ 6.5 కొట్టడం మామూలే. గొట్టం నోటి పక్కనుంచి పెట్టి నాలుక వెనక్కి వదలాలి. నోటి ముందు వదిలితే కొన్నిసార్లు మందు మొదటి పొట్టలో ఆగకుండా నేరుగా నాలుగో పొట్టకు జారి, త్వరగా బయటికి పోతుంది. తలను మరీ ఎత్తి పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే జీవం పోతుంది.

మేకపోతు
మా మందలో గొర్రెలూ మేకలూ కలిసే ఉన్నాయి. రెండింటికీ ఒకే డోసు ఇస్తున్నాం, అది సరేనా?

పశుసేవ
సరిపోదండి. మేక ఒంట్లో ఈ మందులు చాలావరకు త్వరగా ఖర్చైపోతాయి. గొర్రె డోసు మేకకు తక్కువ డోసే. బెంజిమిడజోల్స్, ఐవర్‌మెక్టిన్ అయితే మేకకు సాధారణంగా గొర్రె డోసుకు రెట్టింపు, లెవామిసోల్ ఒకటిన్నర రెట్లు. అంతకు మించొద్దు, లెవామిసోల్‌కు ప్రమాదపు హద్దు దగ్గర. మీ వైద్యుడితో లెక్క వేయించుకోండి. మేకల్లో, గొర్రెల్లో తిరిగే నట్టలు ఒకటే కాబట్టి, మేకల్లో తయారైన మొండి నట్ట రేపు మీ గొర్రెల్లోకి వస్తుంది.

నల్లగొంగడి
కళ్లు చూశాను. తెల్లబడినవి, దవడ కింద నీరున్నవి విడిగా పెట్టాను. వీటికి ఏం ఇవ్వను? వీటిలో ఈనడానికి దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి, ఈమధ్యే పొట్టేలు దాటినవీ ఉన్నాయి.

పశుసేవ
మొదట చేయాల్సింది వాటిని తోలకుండా ఉండటం. రక్తం అంతగా తగ్గిన జీవాన్ని పరిగెత్తిస్తే, మందు తాపడానికి తరిమి పట్టుకుంటే గుండె ఆగి అక్కడే పడిపోతుంది. నీడలో, నీళ్లు దగ్గర పెట్టి, మంచి మేత ముందుకే తెచ్చి వేయండి.

మందు: మీ మందలో ఇంతవరకు వాడని కుటుంబం నుంచి తీసుకోండి. లెవామిసోల్ మంచి ఎంపిక, కానీ బరువు తూచే ఇవ్వాలి. ఎక్కువైతే చొంగ కారుస్తూ వణుకుతుంది. మరీ బలహీనంగా, నిండు చూడితో ఉన్నవాటికి దాన్ని మీ వైద్యుడు చూశాకే ఇవ్వండి. క్లోసాంటెల్ రక్తం తాగే నట్టల మీద, ఎదిగిన కార్జపు జలగల మీద కూడా పనిచేస్తుంది. మీకు జలగ అనుమానం పూర్తిగా పోలేదు కాబట్టి అది ఒక లాభం. కానీ పారుడు పెట్టించే నట్టల మీద పనిచేయదు, డోసు మించితే కళ్లు పోతాయి. 

ఈమధ్యే దాటిన గొర్రెలకు ఆల్బెండజోల్ ఇవ్వొద్దు. కట్టిన మొదటి నెలలో కడుపులో పిల్లకు అవయవ లోపాలు తెచ్చే ప్రమాదం ఉంది.

కొన్నిచోట్ల మందు తాపేముందు రాత్రంతా మేత ఆపుతారు. కడుపు నెమ్మదించి మందు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి బెంజిమిడజోల్స్, ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేస్తాయి, అది నిజమే. అయితే నిండు చూడి గొర్రెలకు, నీరసించినవాటికి మేత ఆపకండి.

నట్టలు చచ్చినంత మాత్రాన రక్తం వెంటనే రాదు. మాంసకృత్తులు బాగా ఉన్న దాణా, ఖనిజ మిశ్రమం కొన్ని వారాలపాటు ఇవ్వాలి. నీరు దిగిన దవడ తగ్గడానికీ టైం పడుతుంది. తగ్గలేదని తొందరపడి మళ్లీ మందు తాపకండి.

ఈనబోయే గొర్రెల గురించి ఒక మాట. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి, ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా తల్లి ఒంట్లో నట్టలను అణిచే శక్తి సడలుతుంది. గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. సరిగ్గా ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులనే కొత్తగా గడ్డి కొరికే పిల్లలు మింగుతాయి. ఈ సమయంలో తల్లికి మాంసకృత్తుల దాణా పెంచితే ఆ గుడ్ల పెరుగుదల కొంత తగ్గుతుంది. ఇందులో మందు ఖర్చు లేదు, దుష్ఫలితం లేదు, అందుకే నాకు ఇష్టమైన సలహా ఇది.

బుల్లిగొర్రె
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా పిల్లల పెంటికల్లో బియ్యపు గింజల్లాంటివి తెల్లగా కనిపిస్తున్నాయి. కొన్ని పిల్లలకు పారుడు కూడా. ఐవర్‌మెక్టిన్ వేయించాం, ఏ మార్పూ లేదు.

పశుసేవ
ఆ గింజలు బద్దెపురుగు ముక్కలు, మోనీజియా. ఐవర్‌మెక్టిన్, లెవామిసోల్ దాని మీద పనిచేయవు. ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది, ఆల్బెండజోల్ కూడా. కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దానికే భయపడతారు కానీ అది చేసే నష్టం చాలా తక్కువ. పిల్లలు బక్కచిక్కడానికి కారణం ఎక్కువసార్లు కంటికి కనబడని గుండ్రటి పురుగులే.

పారుడు విషయం వేరే. పిల్లల వయసెంత? ఒకటి నుంచి మూడు నెలల్లోపు అయితే కాక్సిడియా అయి ఉండొచ్చు. అది పురుగే కాదు, ఏకకణ జీవి. ఏ నట్టల మందుకూ లొంగదు. పెంటికలు పరీక్షకు పంపి, తేలాక దానికి తగిన మందు వాడాలి.

బుల్లిగొర్రె
రెండు నెలలు. పరీక్షకు పంపుతాను, ధన్యవాదాలు.

పసరుమందు
ఇన్ని రసాయనాలు ఎందుకండీ? పాతకాలంలో మైలుతుత్తం నీళ్లు తాపేవారు, నట్టలన్నీ పడిపోయేవి. ఆకు పసర్లతోనూ తగ్గుతాయి.

పశుసేవ
మైలుతుత్తం దయచేసి తాపకండి. అందులో ఉన్నది రాగి. అన్ని పశువుల్లోకీ రాగిని తట్టుకోలేనిది గొర్రె. కార్జంలో నెలల తరబడి పేరుకుని, ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి విడుదలై, ఒళ్లు పసుపుపచ్చబడి, మూత్రం ఎర్రబారి చనిపోతుంది. అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు. రాగి ఆక్సైడ్ తీగముక్కలు నింపిన గొట్టాలు హీమాంకస్ మీద పనిచేసే మాట నిజమే, కానీ అవి కొలత ప్రకారం, మేతలో రాగి ఎంతుందో తెలిసిన వైద్యుడు చెబితేనే.

పసర్ల మీద నాకు ద్వేషం లేదు. రక్తం లేక తూలుతున్న జీవానికి పసరు ఇచ్చి ఎదురుచూడొద్దు, అంతే.

పచ్చికదారి
మొక్కల్లో పనిచేసేవి లేకపోలేదు. టానిన్లు ఎక్కువున్న మేతలు, ఉదాహరణకు సెరిసియా లెస్పెడెజా, తిన్న గొర్రెల్లో గుడ్ల సంఖ్య తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. దాన్ని రోజువారీ మేతగా వాడాలి, జబ్బుకు మందుగా కాదు. చెట్ల ఆకు, పొదలు కొరుక్కునే జీవాలకు నట్టలు తక్కువే పడతాయి, ఎందుకంటే పురుగు పిల్లలు నేల దగ్గర ఉంటాయి.

దీని గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. గడ్డి మీద ఎక్కే పురుగు పిల్లల్లో ఎక్కువ శాతం నేల నుంచి 5 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. గడ్డిని నున్నగా గొరిగినట్టు మేపే మందకు నట్టలు ఎక్కువ పట్టేది అందుకే. అరచేతి ఎత్తు మిగిలి ఉండగానే మందను తోలేయండి.

వేడి, తేమ కలిసిన వాతావరణంలో గుడ్డు నుంచి గొర్రెకు అంటుకోగల పిల్ల పురుగు తయారవడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. కాబట్టి ఒక మడిలో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకపోతే, మంద తాను వదిలిన పురుగును తానే తినదు. అంటుకునే దశలో ఉన్న పిల్ల పురుగు చుట్టూ ఒక తొడుగు ఉంటుంది, అది ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న శక్తి మీదే బతుకుతుంది. వేడిలో ఆ శక్తి త్వరగా అయిపోతుంది కాబట్టి ఉష్ణప్రాంతాల్లో నెల, నెలన్నర ఖాళీ వదిలితే చాలామటుకు చస్తాయి. చల్లటి తేమ నేలల్లో మాత్రం నెలల తరబడి బతుకుతాయి, అక్కడ ఈ లెక్క పనికిరాదు. ఎదిగిన ఆవులను గొర్రెల తర్వాత ఆ మడిలో మేపితే, మిగిలిన పురుగు పిల్లలు ఆవు కడుపులోకి పోయి చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. మేకలను మేపితే మాత్రం లాభం లేదు.

మందపెద్ద
కొత్తగ కొన్న గొర్రెల సంగతి గూడ చెప్పుండ్రి. సంతల కొన్నయ్ నేరుగ మందల కలుపుతరు చానమంది.

పచ్చికదారి
మంచి మాట ఎత్తారు. ఎవరి మందలోనో మొండిగా తయారైన నట్టలు కొత్త గొర్రెతోపాటే వస్తాయి. రాగానే వేర్వేరు కుటుంబాల మందులు రెండు మూడు, ఒక్కోటి పూర్తి డోసు, ఒకదాని వెంట ఒకటి ఇవ్వాలి. ఒకే సీసాలో కలపకూడదు. గడ్డి లేని దొడ్డిలో ఒకటి రెండు రోజులు కట్టేసి మేపి, ఆ పెంటికలు ఊడ్చి పారేయాలి. రెండు వారాలకు పెంటికలు పరీక్ష చేయించి గుడ్లు లేవని తేలాకే కలపండి. కలిపేటప్పుడు కొత్త బీడులోకి కాదు, మీ గొర్రెలు మేసిన బీడులోకే తోలండి.

కొలతబద్ద
నల్లగొంగడి గారూ, మీ ఆల్బెండజోల్ నిజంగా చెడిందా అన్నది ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. కళ్లు మరీ తెల్లగా లేని జీవాలు ఓ పది, పన్నెండు తీసుకుని గుర్తు వేయండి. నేలమీద ఏరినవి కాకుండా నేరుగా మలద్వారం నుంచి తీసిన పెంటికలు, ఒక్కోదానివి విడి సంచిలో. అదే రోజు సరైన డోసు తాపండి. పది నుంచి పద్నాలుగు రోజులకు అవే జీవాల పెంటికలు మళ్లీ తీయండి. లెవామిసోల్ పరీక్షించాలంటే వారం చాలు. అలా ఇంకో గుంపుకు లెవామిసోల్ ఇచ్చి రెండూ పోల్చండి.

లెక్కపెట్టడం పెద్ద విద్య కాదు. 4 గ్రాముల పెంటికలు 56 మి.లీ. చిక్కటి ఉప్పునీళ్లలో నలిపి వడకట్టాలి. ఇంకా ఉప్పు కరగక అడుగున మిగిలేదాకా కలిపితే అది చిక్కటిది. గుడ్లు పైకి తేలతాయి. మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టడానికి గీతలు గీసిన గాజుపలక, మైక్రోస్కోపు కింద పెడతారు) రెండు గదులూ నింపి, కొన్ని నిమిషాలు ఆగి, గీతల మధ్య గుడ్లన్నీ లెక్కపెట్టి 50తో హెచ్చవేస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. పెంటికలు ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి, వేడిలో గుడ్లు పొదిగి లెక్క తప్పుతుంది.

తగ్గుదల 95 శాతం కన్నా తక్కువైతే ఆ మందుకు మొండితనం వచ్చినట్టు.

నల్లగొంగడి
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి, ఫలితాలు వచ్చేదాకా ఆగాను. తెల్లకళ్ల జీవాలకు వైద్యుడు వచ్చి చూసి క్లోసాంటెల్ ఇచ్చారు. ఒక ముసలి గొర్రె దక్కలేదు. కోయించి చూశాం, డాక్టర్ గారు చెప్పినట్టే నాలుగో పొట్ట నిండా ఎర్ర తెల్ల పురుగులు. కార్జం శుభ్రంగా ఉంది. మిగతావి మేతకు లేచాయి.

పరీక్ష అంకెలు: ఆల్బెండజోల్ గుంపు సగటు ముందు 1,850, తర్వాత 740. లెవామిసోల్ గుంపు ముందు 1,900, తర్వాత 50. ఇక ఆల్బెండజోల్ పూర్తిగా మానేయాలా?

కొలతబద్ద
ఆల్బెండజోల్ తగ్గుదల 60 శాతం. మీ మందలో అది చెడింది, సందేహం లేదు. లెవామిసోల్ 97 శాతం దాటింది, పనిచేస్తోంది. ఇలా సగటులు చూసేటప్పుడు ఒక్కో జీవం అంకె కూడా చూడండి. లెవామిసోల్ గుంపులో గుడ్లన్నీ ఒకే గొర్రెవి అయితే దానికి మందు సరిగ్గా పడలేదేమో అనుకోవాలి, అందరిలో కొంచెం కొంచెం ఉంటే మొండితనం మొదలవుతోందేమో అనుకోవాలి.

నల్లగొంగడి
చూశాను. రెండు గొర్రెలవే, మిగతావాటికి సున్నా.

పశుసేవ
అయితే మంచిదే. ఆ రెండింటికి గుర్తు వేసి ఉంచండి. ఆల్బెండజోల్‌ను ఒంటరిగా హీమాంకస్ కోసం ఇక వాడకండి. పిల్లల్లో బద్దెపురుగు ఇబ్బంది పెడితే అప్పుడు వేరే సంగతి. కొత్తవాటికి రాగానే ఇచ్చే మందుల్లో పక్క మందుగానూ పనికొస్తుంది. లెవామిసోల్‌ను కళ్లు చూసి అవసరమైనవాటికే వాడుతూ, ఏడాదికోసారి ఈ పరీక్ష మళ్లీ చేయించండి.

ఇంకోటి, ఏ గొర్రెకు ఎన్నిసార్లు మందు పడిందో రాసి పెట్టుకోండి. నట్టలను తట్టుకునే గుణం కొంతవరకు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. ప్రతి విడతలో మందు అడిగే గొర్రె పిల్లలను పెంపకానికి ఉంచకండి. పొట్టేలును ఎంచేటప్పుడు మాత్రం ఒంటి సైజుతోపాటు గుడ్ల లెక్క కూడా చూడండి, ఒక్క పొట్టేలు గుణమే మందంతటికీ పాకుతుంది కాబట్టి.

మందపెద్ద
పొట్టేలు పెంటికలు లెక్క వెట్టాలంటే ఎన్నడు తియ్యాలె డాక్టరమ్మా? మందు తాపినంక ఎన్ని దినాలకు?

పశుసేవ
మందు పడ్డాక కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి పెద్దాయనా. క్లోసాంటెల్ లాంటి ఎక్కువకాలం నిలిచే మందు పడితే ఇంకా ఎక్కువ ఆగాలి. అన్ని పొట్టేళ్లూ ఒకే వయసువై, ఒకే బీడులో కలిసి మేసి ఉండాలి, లేకపోతే పోలిక కుదరదు. మందలో సగటు గ్రాముకు 500 గుడ్లు దాటినప్పుడు తీస్తే తేడాలు తేటగా కనబడతాయి. అందరికీ సున్నాలే వచ్చే కాలంలో తీస్తే ఏది మంచిదో తెలియదు.

మందపెద్ద
సరే. వానలు పడి ఒక నెల గడిచినంక తీస్త.